సర్ది టీచర్

బోధన్‌లో నేను పాఠాలు చెప్పిన బడిలో నాకు సర్ది టీచర్ అని పేరు. ఆ పేరు ఎవరు పెట్టారో నాకు ఒక యూకేజీ పాప వల్ల తెలిసింది. టిఫిన్ డబ్బా మూత రావడం లేదని నా దగ్గరికి తెచ్చి, నేను తుమ్ముతుంటే ఆగి, తుమ్ములు అయిపోయాక నెమ్మదిగా అంది: "మా మమ్మీ మిమ్ముల్ని సర్ది టీచర్ అంటది." ఎగతాళిగా అనలేదు. అదే నా పేరు అనుకుంది. నేను డబ్బా మూత తీసి ఇచ్చాను. అంతవరకు ఆ పేరు పిల్లలు పెట్టి ఉంటారనీ, పిల్లల మాటే కదా అనీ అనుకునేదాన్ని. పెట్టింది తల్లులని ఆ రోజు తెలిసింది.

నాకు చిన్నప్పుడు సర్ది అంటే ఏమిటో సరిగా తెలియదు. మాది నందిపేట్ పక్కన ఊరు. నాట్ల కాలంలో అవ్వ వెంట పొలానికి పోయి పొద్దుగూకేదాకా వానలో తడిసేదాన్ని. తడి గౌనుతోనే ఇంటికొచ్చి, చల్లటి అంబలి తాగి పడుకునేదాన్ని. తెల్లారి లేస్తే ముక్కు శుభ్రంగా ఉండేది. మా బాపు దాన్ని గొప్పగా చెప్పుకునేవాడు. పెళ్లి చూపులకు వచ్చినవాళ్లతో కూడా, మా బిడ్డకు జరం, సర్ది ఎరుకలేదని చెప్పాడట. ఆ మాట పట్టుకుని మా అత్తమ్మ చాలా ఏళ్లు నన్ను దెప్పింది.

పెళ్లయి బోధన్ వచ్చిన రెండో ఏడు బడిలో చేరాను. డిగ్రీ చదివి ఇంట్లో కూర్చోవడం ఎందుకని మా ఆయనే అన్నాడు. ఆయనది బస్టాండు దగ్గర మోటార్లకు వైండింగ్ చేసే చిన్న దుకాణం. అత్తమ్మ బీడీలు చుట్టేది. చాట ఒడిలో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచేది కాదు. ఆమె చేతులు అలా ఆడుతూనే ఉండేవి, నోరు కూడా.

బడిలో నాకు ఇచ్చింది చిన్నపిల్లల తరగతి. గది రోడ్డు వైపు. చెరుకు ట్రాక్టర్లు, వడ్ల లారీలు పోతుంటే దుమ్ము, హారన్ల మోత. అందుకని కిటికీలు మూసే ఉంచాలని హెడ్ మేడం చెప్పింది. మూసిన గదిలో నలభై మంది దాకా పిల్లలు, పైన ఒక్క ఫ్యాను. బెంచీకి నలుగురు. ఒకరు దగ్గితే ఆ తుంపర పక్కవాడి చెంప మీద పడేది. ముక్కు కారితే పిల్లలు అంగీ చేతికి తుడుచుకుని, అదే చేత్తో నా చీర కొంగు పట్టుకునేవాళ్లు. బలపం నోట్లో పెట్టుకుని, తీసి, పక్కవాడికి ఇచ్చేవాళ్లు. చేరిన ఆ వానాకాలమే నాకు మొదటి సర్ది పట్టింది. తగ్గింది. దసరా సెలవులు అయి బడి తెరవగానే మళ్లీ పట్టింది. ఆ తర్వాత ఎప్పుడు తగ్గిందో, ఎప్పుడు మళ్లీ పట్టిందో వేరు చేసి చెప్పలేను. ఒకటి పోయేలోపల ఇంకోటి వచ్చేది.

ఆ బడిలో ఒక పద్ధతి ఉండేది. నెలలో ఒక్క రోజు కూడా మానని పిల్లల మెడలో ప్రార్థన దగ్గర మెడల్ వేసేవాళ్లు. ఫోటో తీసి తల్లిదండ్రుల ఫోన్లకు పంపేవాళ్లు. పిల్లలకు ఆ మెడల్ మీద ప్రాణం. తల్లులకు ఇంకా ఎక్కువ. జ్వరం వచ్చినా పొద్దున్నే సిరప్ తాగించి, మొహం కడిగి, పౌడరు రాసి పంపేవాళ్లు. ఇంటర్వెల్ దాటాక మందు బలం తగ్గేది. అక్షరాలు దిద్దుతున్న పిల్ల అట్లాగే పలక మీద తల వాల్చేది. నుదురు ముట్టుకుంటే కాలేది. నా ఒళ్లో పడుకోబెట్టుకుని మిగతావాళ్లకు పద్యం చెప్పేదాన్ని. సాయంత్రం తల్లి వచ్చి, పొద్దున మంచిగనే ఉండె మేడం, అనేది.

నేను కూడా అంతే. నాకు ఒళ్లు కాలుతున్నా పోయేదాన్ని. పోకపోతే ఆ రోజు జీతం ఉండదు, పైగా హెడ్ మేడం మొహం చూడాలి. కర్చీఫ్ నడుములో దోపుకుని, గొంతు పెగలకపోతే బోర్డు మీద రాసి చూపించేదాన్ని.

ఇంట్లో నా సర్దికి కారణాలు నాకంటే అందరికీ బాగా తెలుసు. తలకు పోసుకున్నావని అత్తమ్మ అనేది. నాకు జుట్టు ఒత్తు, ఆరడానికి చాలాసేపు పట్టేది, అదీ తప్పే. పెరుగు తిన్నావని అనేది. జాంపండు తిన్నావు, ఫ్రిజ్ నీళ్లు తాగావు, ఫ్యాను కింద పడుకున్నావు, చెప్పులు లేకుండా బండల మీద నడిచావు. ఆమె పొద్దున్నుంచి సాయంత్రం దాకా తంబాకు దుమ్ములో తుమ్ముతూనే ఉండేది. అది మాత్రం సర్ది కాదు, ఆమె పని.

ఒక్కొక్కటే మానుకున్నాను. పెరుగు మానేశాను. మా ఇంట్లో అన్నం ఆఖర్న పెరుగు లేకుండా లేచింది నేనొక్కదాన్నే. తల స్నానం వారానికి ఒకసారి, అదీ ఎండ ఉన్న ఆదివారం. చివరికి జుట్టు భుజాల దాకా కత్తిరించుకున్నాను. కత్తిరించి ఇంటికి వచ్చిన రోజు అద్దంలో చూసుకుంటే నాకే ఏడుపొచ్చింది. అత్తమ్మ, ముందే చేస్తే అయిపోయేది గదా అంది. ఆ వారమే మళ్లీ ముక్కు కారింది.

పసుపు, మిరియాలు వేసి పాలు తాగాను. పసుపు పండే ఊళ్లో పుట్టినదానికి కొదవేముంది, మా అవ్వ పసుపు దంచి డబ్బాల కొద్దీ పంపేది. వావిలాకు వేసి ఆవిరి పట్టాను. వాము వేయించి గుడ్డలో కట్టి వాసన చూశాను. పాత బోధన్‌లో ఒక హకీం సాబ్ ఉంటే ఆయన జోషాందా అనే యునానీ కషాయం పొట్లాలు ఇచ్చాడు, మరిగించి తాగితే చెమట పట్టేది, కొంచెం హాయిగా ఉండేది, అంతే. మందుల దుకాణంలో మాత్రలు ఇచ్చారు. అవి వేసుకుంటే ముక్కు ఆగేది గానీ నిద్ర ముంచుకొచ్చేది. ఒక మధ్యాహ్నం పిల్లలకు బొమ్మలు రంగులు వేయమని చెప్పి కుర్చీలో కునికాను. కళ్లు తెరిచేసరికి హెడ్ మేడం తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆ తర్వాత నెల నుంచి తరచూ మా తరగతి ముందు నుంచి నడిచేది.

కరోనా వచ్చి బడులు మూతపడ్డప్పుడు మాకు జీతాలు ఆగిపోయాయి. నేను అత్తమ్మ పక్కన కూర్చుని బీడీలు చుట్టడం నేర్చుకున్నాను. తునికి ఆకు కత్తిరించడం వచ్చింది గానీ, ముడి వేయడం చాలా రోజులు రాలేదు. కష్టకాలం. కానీ ఒక సంగతి నాకు ఆ రోజుల్లోనే తెలిసింది. బడి మూసి ఉన్నన్ని నెలలు నాకు ఒక్కసారి కూడా సర్ది పట్టలేదు. పెరుగు మళ్లీ మొదలుపెట్టాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు తలకు పోసుకున్నాను. జుట్టు మళ్లీ పెరిగింది. వానలో డాబా మీద బట్టలు తీస్తూ నిలువునా తడిశాను. తంబాకు ఘాటుకు నాలుగు తుమ్ములు వచ్చేవి, చాట పక్కన పెట్టి లేస్తే ఆగిపోయేవి. ముక్కు కారడం లేదు, గొంతు నొప్పి లేదు, జ్వరం లేదు.

ఆ మాట ఒక రోజు అత్తమ్మతో అన్నాను. పెరుగు వల్ల కాదు, నీళ్ల వల్ల కాదు, ఆ గది వల్ల అని. ఆమె దారం పళ్లతో తెంపి, "ఇంట్ల ఉన్నవ్. చల్లగాలి తగల్లే. గందుకే" అంది. అక్కడితో ఆ చర్చ ముగిసింది.

బడి తెరిచాక నెల తిరగక ముందే మళ్లీ మంచం పట్టాను. ఈసారి దగ్గు కూడా పట్టుకుంది. పక్కటెముకలు నొప్పి పుట్టేదాకా దగ్గాను. మా ఆయన దుకాణం మూసి నన్ను నిజామాబాద్ తీసుకుపోయాడు. బస్సులో దగ్గుతుంటే పక్క సీటులో కూర్చున్న ఆమె లేచి ముందుకు పోయి నిలబడింది. ఎడపల్లి దాటాక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటే బస్సు మిగతా సగంలో మెల్లగా నడిచింది. ఆ దారంతా ఆమె నిలబడే ఉంది. నాకు ఆమె మీద కోపం రాలేదు. ఆ తెలివి మా బడికి లేదే అనిపించింది.

డాక్టరమ్మ నాకంటే చిన్నది. పరీక్షలన్నీ చూసి, ఏం పని చేస్తారని అడిగింది. చెప్పాను. ఎంత చిన్నపిల్లలు, గది ఎంత, కిటికీలున్నాయా అని అడిగింది. అన్నీ చెప్పాక, నాలో రోగమేమీ లేదని చెప్పింది. చిన్నపిల్లలకు ఏడాదిలో చాలాసార్లు జలుబు వస్తుంది, వాళ్ల మధ్య కూర్చునేవాళ్లకూ వస్తుంది, పెరుగుకూ స్నానానికీ దీనికీ సంబంధం లేదు అంది. దుకాణంలో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్ మాత్రలు ఇంక వేసుకోవద్దంది. కిటికీలు తెరవమంది. సబ్బుతో చేతులు కడుక్కోమంది, పిల్లలచేత కడిగించమంది. జ్వరం ఉన్న పిల్లలను బడికి పంపొద్దని తల్లులకు చెప్పమంది. దగ్గు తగ్గేదాకా నన్ను కూడా ఇంట్లో ఉండమంది. చివరి మాట విని నవ్వొచ్చింది. ఆమెకు మా జీతాల సంగతి ఏం తెలుసు.

కానీ అన్నేళ్లలో నా తప్పు కాదని నాకు చెప్పిన మొదటి మనిషి ఆమె. వాపసు వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను. మా ఆయన దగ్గు వల్ల కళ్లలో నీళ్లు వస్తున్నాయనుకున్నాడు.

మరునాటి నుంచి, ఇంట్లో ఉండటం తప్ప, ఆమె చెప్పినవి చేయడం మొదలుపెట్టాను. రోడ్డు వైపు కిటికీ హెడ్ మేడం వచ్చేదాకా తెరిచి ఉంచేదాన్ని, వరండా వైపుది రోజంతా. ఇంటి నుంచి సబ్బు తీసుకుపోయాను. ఇంటర్వెల్‌కు ముందు, తర్వాత పిల్లలను వరసగా నల్లా దగ్గరికి తీసుకుపోయేదాన్ని. దగ్గొస్తే మోచేతిలో దగ్గాలని ఆటలా నేర్పాను. పిల్లలు మూడు రోజుల్లో నేర్చుకున్నారు. పిల్లలకు నేర్పడం కష్టం కాదు. మాస్కు పెట్టుకుని పాఠం చెప్పాను. నా మాట పిల్లలకు వినబడటం లేదని ఒక తల్లి ఫిర్యాదు చేసింది, తీసేశాను. సర్దులు పూర్తిగా పోలేదు. కానీ ఆ చలికాలం గదిలో దగ్గుల మోత తగ్గిందని నాకు తెలుస్తూనే ఉంది. నాకు కూడా మధ్యలో కొన్ని మంచి వారాలు దొరికాయి. పొద్దున్నే లేచి రెండు ముక్కుపుటాలతో గాలి పీల్చుకోవడం ఎంత సుఖమో, అది పోగొట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది.

అయినా ఒక పని మిగిలింది. జ్వరంతో వచ్చిన పిల్లలను ఇంటికి పంపడం. ఒక రోజు ఎల్‌కేజీ పాప ఒకతె ప్రార్థన దగ్గరే వణుకుతోంది. చేయి పట్టుకుంటే కాలింది. ముక్కు కింద పచ్చగా ఎండి ఉంది. బడిలో పిల్లలను చూసుకునే ఆయమ్మతో ఫోన్ చేయించాను. తల్లి రైస్ మిల్లులో ఊడ్చే పని చేస్తుంది. రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చేసరికి జుట్టు మీద, రెప్పల మీద తవుడు దుమ్ము. గేటు దగ్గరే నిలబడింది.

పాపకు జ్వరం ఉంది, తగ్గేదాకా ఇంట్లో ఉంచండి, మిగతా పిల్లలకు కూడా అంటుకుంటుంది అని చెప్పాను. ఆమె పాప నుదురు ముట్టుకుని చూడలేదు. ఆమెకు ముందే తెలుసు.

"ఇంటికాడ ఎవ్వలున్నరు మేడం?" అంది. "నేను మిల్లుకు పోకుంటే రేపటి సంది రావద్దంటరు. దీన్ని ఎవ్వలకాడ ఉంచాలె?"

రెండు రోజులే కదా, సర్దుకోండి, అన్నాను. అది ఎంత పనికిమాలిన మాటో నోటి నుంచి బయటికి వచ్చాకే తెలిసింది.

ఆమె పాపను ఎత్తుకుంది. పోబోయి ఆగింది. "మరి మీరు సర్దితోని వస్తలేరా? రోజూ జూస్తనే ఉన్నం. మీరెందుకు ఇంటికాడ ఉంటలేరు? మా పిల్లలకు మీతోనే అంటుకుంటుందని అందరు అనుకుంటున్నరు."

ఆయమ్మ వింటోంది. గేటు దగ్గర చౌకీదారు వింటున్నాడు. నేను ఇంట్లో ఎందుకు ఉండటం లేదో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఇద్దరిదీ ఒకటే కారణం. కానీ ఆ మాట నేనూ అనలేదు, ఆమె కూడా అనలేదు. ఆమె పాపను చంకనేసుకుని మిల్లు వైపే నడిచింది, ఇంటి వైపు కాదు. ఆ తవుడు దుమ్ములో, బస్తాల మధ్య ఆ పిల్ల పొద్దంతా పడుకుని ఉంటుంది.

ఆ నెల మా తరగతిలో కొద్దిమంది మెడలోనే మెడల్ పడింది. జ్వరంతో వచ్చిన ఇంకా కొంతమందిని నేను ఇంటికి పంపాను. నెలాఖరులో హెడ్ మేడం పిలిచింది. ఆమె గది బడి వెనక వైపు ఉంటుంది, దుమ్ము రాదు, కిటికీ తెరిచే ఉంది. కూర్చోమంది. తల్లిదండ్రులు ఫోన్లు చేస్తున్నారని, వచ్చిన పిల్లలను నేనే వెనక్కి పంపుతున్నానని, పక్క బడివాళ్లు ఇట్లాంటివే చూసి పిల్లలను లాక్కుంటారని చెప్పింది. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. విన్నది. వినలేదని అనను.

"మీరు చెప్పేది కరెక్టే మేడం. కాని పేరెంట్స్ ఏమంటున్నరంటే, సర్ది మీకే ఉంది, మీ నుంచే పిల్లలకు వస్తుందంటున్నరు. నేనేం చెప్పాలె వాళ్లకు?"

నాకు పిల్లల నుంచి వస్తుందని చెప్పండి, అన్నాను.

"గట్ల ఎట్ల చెప్తం?" అంది. నిజంగానే అడిగింది. ఫీజు కట్టే తల్లితో, నీ బిడ్డే తెస్తుంది అని ఎవరు చెప్తారు. తర్వాత గొంతు మెత్తగా చేసుకుని, ఎండాకాలం సెలవుల్లో ఆరోగ్యం బాగా చూసుకోమని, జూన్‌లో కబురు చేస్తామని చెప్పింది. పదేళ్లు దాటిన కొలువు. వెళ్లేటప్పుడు ఆమె నాకు అరచేతిలో పట్టే శానిటైజర్ సీసా ఒకటి ఇచ్చింది. తీసుకున్నాను. దాన్ని గేటు దాటాక మురుగు మోరీలో పారేశాను.

జూన్‌లో కబురు రాలేదు. నా తరగతికి కొత్తగా బీఎడ్ చేసిన అమ్మాయిని తీసుకున్నారు. కిటికీలు మళ్లీ మూశారని మా వీధి పిల్లవాడు చెప్పాడు. వానలు పడ్డాక ఒక సాయంత్రం కూరగాయల దగ్గర ఆ అమ్మాయిని చూశాను. ముక్కు ఎర్రగా ఉంది, గొంతు బొంగురుగా టమాటల బేరం ఆడుతోంది. పలకరించి కిటికీల సంగతి చెబుదామనుకున్నాను. చెప్పలేదు. చెబితే ఆమె తెరుస్తుంది, తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు.

నేను మళ్లీ అత్తమ్మ పక్కన చాట పట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు ముడి వేయడం బాగా వచ్చింది. నాకు సర్ది లేదు. ఆ వానాకాలమంతా ఒక్క రోజు కూడా పట్టలేదు. ఆ మాట ఎవరూ అనలేదు, ఉన్నప్పుడు అందరూ అన్నారు.

చలి మొదలైన రోజుల్లో, పొద్దున ఇంకా వాకిలి ఊడుస్తుండగా, మిల్లులో పని చేసే ఆ తల్లి మా గుమ్మం ముందు నిలబడింది. భుజం మీద పాప, మొహం ఎర్రగా, కళ్లు సగం మూసి. నేను చీపురు పట్టుకునే ఉన్నాను.

"జరం ఉన్నది మేడం. బడికి తోలలేదు" అంది. పాపను పైకి సర్దుకుని, "మీరు ఖాళీగనే ఉంటరు గదా, పొద్దుమీకి వచ్చి తీసుకపోత" అంది.

క్షమించమని అడగలేదు. గేటు దగ్గర అన్న మాట ఆమెకు గుర్తుందో లేదో కూడా తెలియదు. నేను ఖాళీగా ఎందుకు ఉన్నానో అడగాలనిపించింది. మీరంతా నాలుగిళ్లు తిరిగి చెప్పుకున్న మాట వల్లే ఖాళీగా ఉన్నాను అని అనాలనిపించింది. నా లోపల అంతకంటే చేదు మాటలు కూడా ఉన్నాయి. కానీ పాప తల ఆమె భుజం మీద నుంచి జారుతోంది. నేను చేతులు చాపాను. జాలితో కాదు. జ్వరం ఉన్న పిల్ల గుమ్మం ముందు ఉంటే ఇంకేం చేస్తారు.

అత్తమ్మ లోపలి నుంచి చూసింది. ఆ పిల్ల సర్ది మనింటికి ఎందుకు, అంటుందనుకున్నాను. ఆమె తన చాట ఎత్తుకుని, తంబాకు దుమ్ము పడకుండా పక్కింటి అరుగు మీదికి పోయి కూర్చుంది. పోతూ పోతూ, "గాలి తగిలేటట్టు పండబెట్టు" అంది. ఆమె నోటి నుంచి ఆ మాట వినడానికి నాకు అన్నేళ్లు పట్టింది. సంతోషం కలగాలి. కలగలేదు.

పాప పొద్దంతా పడుకుంది. గోరువెచ్చటి నీళ్లతో ఒళ్లు తుడిచాను, గంజిలో ఉప్పు వేసి చెంచాతో తాగించాను. సాయంత్రం తల్లి వచ్చి ఎత్తుకుపోయింది. వారం తిరగకుండా నా ముక్కు కారడం మొదలైంది.

ఆమె చెప్పిందో, వాళ్లే చూశారో, తర్వాత ఇంకో తల్లి వచ్చింది. ఆ తర్వాత మరొకరు, మా బడి వాళ్లే. జ్వరం పిల్లలను పొద్దున నా దగ్గర వదిలి పనికి పోతారు. నేను కిటికీ తెరిచి చాప పరుస్తాను. సబ్బు వాకిట్లోనే పెట్టుకున్నాను. సాయంత్రం పిల్లను తీసుకుపోయేటప్పుడు కొందరు ఒక మంచి మాట అంటారు. కొందరు పిల్ల చెప్పులు వెతుక్కుని, ఏమీ అనకుండా పోతారు.